తిరిగిరాని వాళ్ల గుర్తులు

న్యూయార్క్‌లోని ఈస్ట్‌ సెవెంత్‌ స్ట్రీట్‌. అక్కడో పాత పబ్బు. పేరు 'మెక్‌సోర్లీస్‌ ఓల్డ్‌ ఏల్‌ హౌస్‌'. తలుపు తోసుకుని వెళితే కాళ్లకింద రంపప్పొట్టు తగులుతుంది. తలెత్తితే... కౌంటరు పైనున్న పాత దీపానికి కోడి ఎముకలు వేలాడుతుంటాయి! ముఖం చిట్లించకండి. వాటి కథ వింటే మనసు బరువెక్కుతుంది.

టర్కీ కోడి మెడ దగ్గర ఇంగ్లిషు 'వి' ఆకారంలో ఓ ఎముక ఉంటుంది. ఇద్దరు చెరో కొసా పట్టుకుని విరిస్తే, పెద్ద ముక్క వచ్చినవాళ్ల కోరిక తీరుతుందని పాశ్చాత్యుల నమ్మకం. మొదటి ప్రపంచయుద్ధానికి వెళ్లే కుర్రాళ్లు ఇక్కడ విందు తిని, క్షేమంగా తిరిగొచ్చాక తీసుకుందామని ఆ ఎముకల్ని దీపానికి తగిలించి వెళ్లారట. వచ్చినవాళ్లు తీసుకున్నారు. మిగిలినవి... రానివాళ్లవి!

గోడలే మ్యూజియం

ఐర్లండ్‌ నుంచి వలసొచ్చిన జాన్‌ మెక్‌సోర్లీ దీన్ని 1854లో తెరిచాడని పబ్బువాళ్లు చెబుతారు. కాదు, ఇంకొన్నేళ్ల తర్వాతే అనేవాళ్లూ ఉన్నారు. దొరికిన ప్రతి వస్తువునూ గోడకు తగిలించడం ఆయన అలవాటు. 1910లో ఆయన పోయాక గోడల మీది ఏ వస్తువునూ తీయలేదంటారు. పాత పేపర్లు, ఫొటోలు, లింకన్‌ హంతకుణ్ని పట్టిస్తే బహుమతి ఇస్తామన్న పోస్టరు, ఇంద్రజాలికుడు హుడిని వాడినవని చెప్పే బేడీలు... చూస్తుంటే పొద్దే తెలియదు. ఇక్కడ దొరికే బీరు రెండే రకాలు: లైట్‌, డార్క్‌. ఏది అడిగినా ఒకేసారి రెండు చిన్న గ్లాసులు తెచ్చిపెడతారు. నంజుకోడానికి చీజు, పచ్చి ఉల్లిపాయ ముక్కలు!

ఆడవాళ్లకు నో!

వందేళ్లకు పైగా ఇక్కడ ఆడవాళ్లకు ప్రవేశం లేదు. 1939లో తండ్రి నుంచి డొరొతీ ఒకానెల్‌ కిర్వన్‌కు ఈ పబ్బు వారసత్వంగా వచ్చింది. అయినా తండ్రికిచ్చిన మాట కోసం, వ్యాపారం జరిగే వేళల్లో ఆమె లోపల అడుగుపెట్టేవారు కాదు. చివరికి 1970లో కోర్టు తీర్పు, ఆ వెంటనే నగర చట్టం వచ్చి తలుపులు తెరిపించాయి. మహిళలకు విడిగా టాయిలెట్‌ రావడానికి మాత్రం మరో పదహారేళ్లు పట్టింది. కాలం ఎంత మారిందంటే, 1994లో యజమాని మాథ్యూ మాహెర్‌ కూతురే కౌంటరు వెనక నిలబడి బీరు పోశారు!

మళ్లీ ఎముకల దగ్గరకొద్దాం. దశాబ్దాల దుమ్ము వాటిమీద పేరుకుపోయింది. దులిపితే అరిష్టమని ఎవరూ ముట్టుకునేవారు కాదు. 2011లో ఆరోగ్యశాఖ ఇన్‌స్పెక్టర్‌ పట్టుబట్టడంతో తప్పలేదు. ఆ పని మరొకరికి అప్పగించడానికి మాహెర్‌కు మనసొప్పలేదు. తనే పైకెక్కి దుమ్ము దులిపి, ఎముకల్ని మళ్లీ అక్కడే వేలాడదీశారు. 2020లో ఆయనా కన్నుమూశారు.

ఎముకలు మాత్రం అక్కడే ఉన్నాయి... ఎవరో వచ్చి తీసుకుంటారన్నట్టు!