నోరు విప్పని స్టైల్‌షీటు

మా టీములో ఎక్స్ఎస్ఎల్‌టీ పనంటే అందరూ తప్పుకునేవాళ్ళే. ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయిన స్టైల్‌షీట్లు నా నెత్తిన పడ్డాయి. రోజూ నడుస్తున్నవే కదా అనుకున్నాను. ఓ రోజు పొద్దున్నే క్లయింటు ఫోను.. బిల్లుల్లో పేరుంది, అడ్రసుంది, కట్టాల్సిన మొత్తం దగ్గర ఖాళీ!

లాగ్ చూస్తే ఒక్క ఎర్రరూ లేదు. ఎక్స్ఎమ్మెల్ పంపేవాళ్ళు ఒక ట్యాగు పేరు మార్చారు, అంతే. ఎక్స్‌పాత్‌కి ఏమీ దొరక్కపోతే అది తప్పు కింద లెక్క కాదు, ఖాళీ నోడ్‌సెట్ వస్తుంది. వేల్యూ-ఆఫ్ దాన్ని బుద్ధిగా ఖాళీ స్ట్రింగ్ చేసి రాసేస్తుంది.

దీనికి మందు 1999 నాటి 1.0 వెర్షన్లోనే ఉంది. మొత్తం లేకపోతే ఎక్స్ఎస్ఎల్:మెసేజ్ ఇచ్చి, టెర్మినేట్‌కి 'యెస్' పెట్టాలి. పెట్టకపోతే డీఫాల్టు 'నో'.. చెప్పాల్సింది చెప్పి ముందుకెళ్ళిపోతుంది. పెట్టాను. ట్రాన్స్‌ఫర్మేషన్ ఆగింది కానీ మెసేజ్ మాత్రం మా లాగ్‌లోకి రాలేదు! పాత జావా కోడులో ఎర్రర్‌లిజనర్‌ని ట్రాన్స్‌ఫార్మర్‌ఫ్యాక్టరీకి మాత్రమే తగిలించారు. అది స్టైల్‌షీటు కంపైలయ్యేటప్పటి తప్పులకి. నడిచేటప్పటి వాటికి ట్రాన్స్‌ఫార్మర్‌కి విడిగా తగిలించాలి. లేకపోతే అన్నీ సిస్టమ్.ఎర్ర్‌లోకి పోతాయి, మా సర్వర్లో దాన్ని చూసే నాథుడు లేడు. 2017లో వచ్చిన 3.0లో ట్రై-క్యాచ్, అసర్ట్ కూడా ఉన్నాయి గానీ, జావాతో వచ్చే ప్రాసెసరు 1.0 దగ్గరే ఉంది.

అసలు గొడవ తర్వాత మొదలైంది. "అర్ధరాత్రి బ్యాచ్ ఆగితే ఎవరు లేస్తారు? లేనిచోట సున్నా పెట్టెయ్" అన్నారు మా లీడ్. నాకు నచ్చలేదు. ఖాళీ ఉంటే కస్టమర్ ఫోను చేసి అడుగుతాడు. సున్నా ఉంటే నమ్మేస్తాడు, వచ్చే నెల లేటు ఫీజు కడతాడు. అరగంట వాదించాక ఒప్పుకున్నారు.. బ్యాచ్ ఆగదు, తేడా ఉన్న బిల్లు మాత్రం పక్కన పడుతుంది. బిల్లు నంబరు, దొరకని ట్యాగు పేరు పొద్దున మాకు మెయిల్లో వస్తాయి.

లీడ్‌కి చెప్పని మాట ఒకటుంది. అంతకుముందు వారం టెస్టింగ్‌లో ఇలాంటి ఖాళీ బిల్లు నేనే చూశాను. 'టెస్ట్ డేటా బాలేదేమోలే' అని మూసేశాను. స్టైల్‌షీటు చేసిందీ అదే కదా :(

రేపు స్టాండప్‌లో ఇదీ చెప్పేస్తాను. ఈ విషయంలో కూడా టెర్మినేట్ 'యెస్' పెట్టుకోవాలిగా మరి!