నిబంధనల్లో లేని మనిషి

సాహిత్య చరిత్ర పుస్తకాల్లో రచయిత్రులందరినీ చివర్లో ఒక ప్రత్యేక అధ్యాయంలో సర్దేయడం నా పరిశోధన పొడుగునా చూశాను. అందుకేనేమో మాడ్జ్ సయర్స్ నన్ను వదలడం లేదు.

1902లో లండన్‌లో జరిగిన ప్రపంచ ఫిగర్ స్కేటింగ్ పోటీల్లో ఆడవాళ్లు పాల్గొనకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. వాళ్లు వస్తారన్న ఊహే లేనప్పుడు ఎవరు రాస్తారు? ఆ ఖాళీలోంచే ఆమె మంచు మీదికి వచ్చింది. మగవాళ్లతో పోటీపడి, స్వీడన్‌కి చెందిన ఉల్రిక్ సాల్కోవ్ తర్వాత రెండో స్థానంలో నిలిచింది.

మరుసటి ఏడాదే అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ ఆ ఖాళీని మూసేసింది. పొడుగు లంగా వల్ల పాదాల కదలిక కనిపించదట. న్యాయనిర్ణేత తను మనసుపడ్డ అమ్మాయికి ఎక్కువ మార్కులు వేస్తాడట. బలహీనత అతనిది, శిక్ష ఆమెకి! లంగా సంగతంటారా, ఆమె పిక్కల దాకా కురచ చేసుకుంది.

1906లో దావోస్‌లో ఆడవాళ్లకి విడిగా పోటీ పెట్టారు. ఆ ఏడూ, 1907లోనూ ఆమే గెలిచింది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చుకుంది. 1917లో, 35 ఏళ్లకే చనిపోయింది.

విడి పోటీ వల్ల ఎందరో ఆడవాళ్లకి చోటు దొరికింది, నిజమే. మగవాళ్లు ఓడిపోయే ప్రమాదమూ తప్పింది. ‘స్త్రీల సాహిత్యం’ పేపరు చెప్పేటప్పుడు నాకిదే గుర్తొస్తుంది. ఆ పేపరు మనకి కావాలి. మిగతా పేపర్లన్నిట్లోనూ మనం ఉండాలి.