తిత్తి యూదిన బాలుడు

2004వ సంవత్సరము. శ్రీకాకుళము జిల్లాలో వంశధారా తీరమందలి యొక పల్లెలో నేను ప్రధానోపాధ్యాయుడుగా నుంటిని. ఏటేట వార్షికోత్సవమునకు ముందు పై తరగతుల బాలురకు సైకిలు పందెము పెట్టుట మా వాడుక. పాఠశాలనుండి కళింగపట్నము దీపస్తంభము వరకు పోయి మరలి రావలెను. పోవునపుడు సముద్రపు ఎదురుగాలి ముఖమున గొట్టును. త్రోవలో నొకరి సాయము వేరొకరు పొందరాదని నేనే నియమము వ్రాసితిని.

ఆ యేడు అందరికంటె ముందుగా మరలి వచ్చుచున్న బాలుడు, ఎదురుగా వచ్చుచున్న తోటివాని సైకిలుకు చైను ఊడి చిక్కుకొనుట చూచి ఆగెను. చైను తగిలించి, నూనె మసి చేతులతో నాలుగవవాడుగా వచ్చెను. నియమము ప్రకారము నే నిరువురి పేర్లును కొట్టివేసితిని.

“వాడొక్కడే రోడ్డుమీద ఉండిపోతాడు కదా, మాష్టారూ!” అని మాత్రము వాడనెను. నేను బదులు పలుకలేదు.

ఉద్యోగవిరమణ చేసిన పిదప, ఒక జూలై మాసమున మా మనుమడు నాకు టెలివిజనులో ‘టూర్ ద ఫ్రాన్స్’ అను సైకిలు పందెము చూపెను. 1903లో నొక క్రీడాపత్రిక ప్రారంభించిన పందెమది. తొలి యేడు ఆరు మజిలీలు, 2,428 కిలోమీటర్లు. నేడు మూడు వారములలో 21 మజిలీలు. దినదినము పట్టిన కాలమును కూడగా, ఎవ్వని మొత్తము తక్కువయో వాడే విజేత. గెలుచువాడొక్కడు, కాని వానికి ముందు నడచి గాలిని దాము కాచుకొనుచు, నీరు తెచ్చి యిచ్చు జట్టువారు వేరుగా నుందురు.

ఆ పందెపు చరిత్ర చదువుచుండగా యూజీన్ క్రిస్తోఫ్ కథ కనబడెను. 1913లో అతడు పిరనీస్ పర్వతములలో తూర్మలే కనుమ దిగుచుండగా సైకిలు ముందుఫోర్కు విరిగెను. పరుల సాయము కూడదని యానాటి నియమము. అతడు సైకిలు మోసికొని సుమారు 14 కిలోమీటర్లు నడచి, దిగువ పల్లెలోని కమ్మరికొలిమి చేరి, నిర్ణేతలు చూచుచుండగా దన చేతులతోనే ఫోర్కు నతికెను. రెండు చేతులును పనిలో నుండుటచే నొక బాలుడు తిత్తి యూదెను. అది పరసాహాయ్యమని నిర్ణేతలు కాలదండన విధించిరి. అప్పటికే గంటలు గడచి గెలుపు చేజారెను. అయినను అతడు పందెము విడువక పారిస్ చేరెను. 1919లో నాయకునికి పసుపుపచ్చ చొక్కా నిచ్చు ఆచారము పుట్టగా, దానిని తొలుత ధరించినవా డతడే.

పుస్తకము మూసితిని. కళింగపట్నపు దారి కన్నులయెదుట నిలిచెను. ఆ నిర్ణేతలలో నేనును ఒకడనే.

నియమమును పాటించుట తప్పు కాదు. నియమము లేనిచో పందెమే లేదు. కాని నిర్ణేత పని నియమముతో ముగియును, ఉపాధ్యాయుని పని ముగియదు. బహుమానము నీయకున్నను, ఆ బాలుని సభలో నిలిపి, “వీడు చేసినది మంచిపని” అని చెప్పవచ్చును గదా! చెప్పనైతిని.

ఇటీవల ఆ పాఠశాల ఉత్సవమునకు పోయి, వేదికపై ఆ మాట చెప్పితిని. వినుటకు వాడు లేడు. కూలిపనికై దూరప్రాంతమునకు వలసపోయెనట.

బాలలారా! మెచ్చుకొనవలసిన మాటను ఆనాడే పలుకుడు. మరునాటికి నిలిపినచో నది అప్పుగా మిగులును. తీర్చుకొనుటకు మనిషి యెదుట నుండకపోవచ్చును.