ఆకివీడు టు హౌరా

కొల్లేటి చేప బెంగాలీ కంచంలోకి చేరాలంటే సుమారు 1,200 కిలోమీటర్లు దాటాలి. అదీ ఐసు కరిగేలోగా! ఆ దారి గురించి, ఆ దారిలో ఒకరు మేలుకుంటే ఒకరు నిద్రపోయే ఇద్దరు మనుషుల గురించి...

కోల్‌కతాలో ఏ చేపల బజారుకు వెళ్లినా బేరాల మధ్య రెండు మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి 'లోకల్', రెండోది 'చలానీ'. చుట్టుపక్కల చెరువుల్లో పట్టింది లోకల్. బయటి రాష్ట్రం నుంచి ఐసులో కూర్చుని లారీలో వచ్చింది చలానీ. ఆ చలానీ ఎక్కడిదని అడగండి. 'అంధ్రా' అనే జవాబే ఎక్కువగా వస్తుంది. మన శీలావతి అక్కడికి వెళ్లి 'రూయ్' అవుతుంది. మన బొచ్చె 'కాత్లా' అవుతుంది. పేరు మారినా అది కొల్లేటి గట్టున పెరిగిన చేపే.

ఆ చేపను పెంచిన రైతు గురించి చాలామంది రాశారు. కొన్న వ్యాపారి గురించీ రాశారు. మధ్యలో రెండు రాత్రులు దాన్ని మోసుకెళ్లే లారీ డ్రైవరు గురించి మాత్రం రాసింది తక్కువ.

చెరువు గట్టు నుంచి...

ఆకివీడు, కైకలూరు, ఉండి, భీమవరం, గణపవరం... ఈ ఊళ్ల మధ్య రోడ్డు మీద వెళుతుంటే రెండు పక్కలా కనుచూపు మేర నీళ్లే. పొలాలకు గట్లు వేసినట్టు నీటికి గట్లు వేసి ఉంటాయి. గట్ల మీద కొబ్బరి చెట్లు, కాపలా పాకలు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేరు చుట్టూ 1980ల నుంచి చేపల చెరువులు విస్తరించాయి. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో సరస్సులోని చెరువుల గట్లు తెగ్గొట్టారు. బయట మాత్రం చెరువులు పెరుగుతూనే వచ్చాయి. చెరువులతోపాటు ఐసు ఫ్యాక్టరీలు, వాటితోపాటు లారీలు.

తెల్లవారుజామునే వల పడుతుంది. పట్టిన చేపను సైజుల వారీగా వేరుచేసి, కాటా వేసి, కడిగి ట్రేల్లోకి ఎత్తుతారు. ఐసు దిమ్మలను మరలో వేసి పొడి చేస్తారు. ఒక వరస ఐసు, ఒక వరస చేప, మళ్లీ ఐసు... ట్రేలన్నీ లారీలో పేర్చి, వేడి తగలకుండా థర్మోకోల్ షీట్లు అడ్డం పెట్టి, పైన టార్పాలిన్ కప్పి తాళ్లు బిగిస్తారు. మధ్యాహ్నానికల్లా బండి సిద్ధం. అప్పటినుంచి లారీ వెనక చుక్కలు చుక్కలుగా నీళ్లు కారడం మొదలవుతుంది. ఆ చుక్కలే డ్రైవరుకు గడియారం.

హౌరా స్టేషన్ దగ్గరున్న టోకు చేపల మార్కెట్లో వేలం తెల్లవారకముందే మొదలవుతుంది. వేలం వేళకు బండి అందితే ఒక ధర, ఎండెక్కాక అందితే మరో ధర. ఐసు కరిగిపోయి చేప మెత్తబడితే ఇక బేరమే ఉండదు. సిమెంటు లోడైతే ఒక రోజు ఆలస్యంగా దిగినా సిమెంటే. చేప అలా కాదు కదా!

దారి పొడవునా నదులే

తాడేపల్లిగూడెం దగ్గరో, తణుకు దగ్గరో బండి జాతీయ రహదారి ఎక్కుతుంది. ఒకప్పుడు ఇది ఎన్‌హెచ్ 5. 2010లో నంబర్లు మార్చాక ఎన్‌హెచ్ 16 అయింది. పాత డ్రైవర్ల నోట మాత్రం ఇప్పటికీ అది ఐదో నంబరు రోడ్డే.

సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ, రావులపాలెం దాటగానే గౌతమి. అన్నవరం కొండకు స్టీరింగు మీది నుంచే ఓ దండం. అనకాపల్లి, విశాఖ దాటేసరికి చీకటి పడుతుంది. శ్రీకాకుళంలో నాగావళి, మడపాం దగ్గర వంశధార. జీడిపప్పు ఊరు పలాస దాటితే ఇచ్ఛాపురం, ఆ తర్వాత ఒడిశా. బరంపురం హోటళ్లలో తెలుగు చెల్లుతుంది. ఆపైన హిందీ, ఒడియా, సైగలు.

గంజాం దగ్గర ఋషికుల్య దాటాక కుడిచేతి వైపు చిలికా సరస్సు తళుక్కుమంటుంది. కటక్ దగ్గర కాఠజోడి, మహానది. ఆ తర్వాత బ్రాహ్మణి, బైతరణి. జలేశ్వర్ దగ్గర సువర్ణరేఖ. బెంగాల్లో అడుగుపెట్టాక కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్. యాత్రికులైతే ఇన్ని నదులు చూసినందుకు పుణ్యం లెక్కేసుకుంటారు. డ్రైవరు లెక్కేసుకునేది ఇంకెన్ని గంటలున్నాయనే.

ఈ దారికి మరో గుణం ఉంది. బంగాళాఖాతంలో పుట్టిన తుపాన్లు తీరం దాటే చోట్లన్నీ దీని పక్కనే. 2013 అక్టోబరులో పైలిన్ గోపాల్‌పూర్ దగ్గర, 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అలాంటి రోజుల్లో చెట్లు రోడ్డుకు అడ్డంగా పడితే చేపల లారీల వాళ్లకు ఒకటే భయం... ఐసు!

ఒకప్పుడు సరిహద్దు చెక్‌పోస్టు మరో పరీక్ష. ఇచ్ఛాపురం దగ్గర పురుషోత్తపురంలో లారీల వరస కిలోమీటర్ల కొద్దీ నిలిచేది. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల తనిఖీ పోయింది. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కావడంతో టోల్‌గేట్ల దగ్గర చిల్లర గొడవా తగ్గింది. రోడ్డు వెడల్పయింది. అయితే ఆదా అయిన గంటలు డ్రైవరు నిద్రకు కలిశాయా? లేదు. ఇంకాస్త ముందే చేరాలన్న తొందరకే కలిశాయి.

'తమ్ముడూ, లే!'

చిన్న లెక్క వేద్దాం. దూరం 1,200 కిలోమీటర్లు. లోడు బండి, టోల్‌గేట్లు, ఊళ్లు, టీ ఆగుళ్లు అన్నీ కలుపుకుని గంటకు సగటున 40 కిలోమీటర్లు అనుకుంటే 30 గంటలు. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో చేసిన చట్టం డ్రైవరు పని రోజుకు 8 గంటలే అంది. దూర ప్రయాణాలకు అనుమతితో 10 గంటల దాకా వెసులుబాటు ఇచ్చింది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చి పాత చట్టం వాటిలో కలిసిపోయినా రోజుకు 8 గంటల సూత్రం అలాగే ఉంది. అంటే ఒక్క డ్రైవరు చట్టప్రకారం నడిపితే హౌరా చేరేది నాలుగో రోజు. అప్పటికి చేప ఉండదు, వాసనే ఉంటుంది!

అందుకే ఈ దారిలో బండికి ఇద్దరు డ్రైవర్లు. ఒకరు స్టీరింగు దగ్గర, ఒకరు వెనక బల్ల మీద. క్లీనరు ఉంటే ముగ్గురు. క్లీనరు పని టైర్లు తట్టి చూడటం, తాళ్లు బిగించడం, అద్దం తుడవడం. వీటన్నిటికంటే పెద్ద పని అర్ధరాత్రి దాటాక డ్రైవరుతో మాట్లాడుతూ ఉండటం. ఇంటి సంగతులు, సినిమా కబుర్లు, ఏదైనా సరే. మాట ఆగితే రెప్ప వాలుతుంది.

రాత్రి రెండు నుంచి ఐదు దాకా గడ్డుకాలం. ఎంత అనుభవం ఉన్నా శరీరం నిద్ర అడిగే వేళ అది. అప్పుడు స్టీరింగు దగ్గరున్న మనిషి నోటి నుంచి రావాల్సిన మాట ఒక్కటే. 'తమ్ముడూ, లే... నావల్ల కావట్లేదు.' వినడానికి చిన్న మాటే. అనడానికి పౌరుషం అడ్డొస్తుంది. ఇంకో యాభై కిలోమీటర్లు లాగేద్దామనిపిస్తుంది. ఆ యాభైలోనే ప్రమాదం పొంచి ఉంటుంది. నిద్రొస్తోందని ఒప్పుకునేవాడితో జత కట్టడానికి డ్రైవర్లు ఇష్టపడతారు. తనకు నిద్రే రాదని గొప్పలు పోయేవాడి పక్కన నిజంగా ఎవరికీ నిద్ర పట్టదు.

వెనక పడుకున్నవాడి వైపు నుంచీ చూడండి. లారీ పరుగులో ఉండగా కళ్లు మూసుకుంటున్నాడంటే ప్రాణం ఇంకొకరి చేతిలో పెట్టినట్టే. ఏ కాగితం మీదా లేని ఒప్పందం అది.

లెక్క పుస్తకం

నిజాయతీకి ఈ వృత్తిలో మరో పరీక్ష డబ్బు దగ్గర. బయల్దేరేటప్పుడు యజమాని అడ్వాన్సు ఇస్తాడు. డీజిలు, బత్తా, పంక్చర్లు, దారి ఖర్చులు అన్నీ అందులోంచే. తిరిగొచ్చాక డ్రైవరు లెక్క చెబుతాడు. డీజిలు బిల్లు ఉంటుంది, టోలు మెసేజి వస్తుంది. నడిరాత్రి భద్రక్ దగ్గర టైరు మార్చిన చోట రసీదు ఎవరిస్తారు? అక్కడ మాటే రసీదు.

సరుకు సంగతీ అంతే. లారీలో ఉన్నది పది టన్నుల పైచిలుకు చేప. ట్యాంకులో వందల లీటర్ల డీజిలు. దారిలో చవగ్గా కొనేవాళ్లు చీకట్లో కాచుకుని ఉంటారు. రెండు ట్రేలు తగ్గితే 'ఐసు కరిగి తూకం తగ్గింది' అనడం ఎంతసేపు! అవతల హౌరాలో ట్రేలు లెక్కపెడతారు. షార్టేజీ వస్తే ముందు అనుమానం డ్రైవరు మీదికే వెళుతుంది. అవినీతి చేసిన ఒక్కడి పాపానికి చేయని పదిమందీ జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

చేయని తప్పుకు నష్టపోవడం వీళ్లకు కొత్త కాదు. చేపలు పాడవకుండా ఫార్మాలిన్ వాడుతున్నారన్న ఆరోపణలతో 2018 జులైలో అసోం ప్రభుత్వం ఆంధ్రా చేపల రాకను కొన్ని రోజులపాటు నిలిపేసింది. అలాంటప్పుడు లోడు ఉంటేనే కూలి దొరికే డ్రైవరుకు చేతిలో పనుండదు.

తిరుగు ప్రయాణానికి బంగాళాదుంపలో, గోనె సంచులో దొరకాలి. ఖాళీ బండితో వస్తే కిరాయి డీజిలుకే చాలదు. రిటర్న్ లోడు కోసం ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు రెండు మూడు రోజులు పడిగాపులు పడేటప్పుడు లారీ కిందే వంట. మన జిల్లా నంబరు బండి కనిపిస్తే చాలు, 'అన్నా' అంటూ పలకరింపు. పచ్చడి సీసా ఈ బండి నుంచి ఆ బండికి వెళుతుంది. ఎవరి బండైనా దారిలో మొరాయిస్తే ఫోను ముందు తోటి డ్రైవరుకే. మెకానిక్ కోసం ఒకరు, వేరే లారీ కోసం ఇంకొకరు పరుగెడతారు. ఇద్దరూ వేర్వేరు యజమానుల దగ్గర పనిచేస్తున్నా సరే.

రెండో మనిషి ఎక్కడ?

నేషనల్ పర్మిట్ లారీకి కనీసం ఇద్దరు డ్రైవర్లు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఒకప్పుడు స్పష్టంగా ఉండేది. రెండో డ్రైవరు కాళ్లు చాపుకుని పడుకునేలా వెనక సీటు ఉండాలని కూడా అందులోనే రాసి ఉండేది. ఎంత మంది పాటించారన్నది పక్కన పెడితే, కనీసం కాగితం మీద ఆ రెండో మనిషికి చోటుండేది. 2018 నవంబరులో ఇద్దరు ఉండాలన్న షరతును ప్రభుత్వం ఎత్తేసింది. లారీ ఎక్కడుందో చూపే పరికరం, ఫాస్టాగ్ తప్పనిసరి చేసింది కూడా ఆ మార్పుల్లోనే.

బండి ఎక్కడుందో ఆ పరికరం చెబుతుంది. నడిపేవాడికి నిద్ర వస్తోందో లేదో చెప్పదు.

డీజిలు, టైర్లు, బీమా, టోలు అన్నీ పెరుగుతుంటే చిన్న యజమాని కోసుకోగలిగిన ఖర్చు ఒక్కటే, రెండో డ్రైవరు జీతం. పైగా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లూ తగ్గారు. క్లీనరుగా చేరి, గురువు దగ్గర స్టీరింగు నేర్చుకుని, డ్రైవరై, అప్పోసప్పో చేసి యజమాని కావడం ఒకనాటి మెట్ల వరస. ఇప్పుడు తన కొడుకు ఈ మెట్టు ఎక్కకూడదనే డ్రైవర్లు కోరుకుంటున్నారు.

మార్పులు అసలే లేవని కాదు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరైంది. రహదారుల పక్కన పెట్రోలు బంకుల్లో డ్రైవర్లకు విశ్రాంతి గదులు వస్తున్నాయి. అయితే వేలం వేళ తరుముతుంటే ఆ గదిలో పడుకునేదెవరు? చేపల లారీకి విశ్రాంతి గది అంటే వెనక బల్లే. ఆ బల్ల మీద మనిషి ఉంటేనే దానికి అర్థం.

ఆగితేనే కనిపించారు

2024 జనవరి మొదట్లో లారీ డ్రైవర్లు ఒక్కసారిగా బళ్లు ఆపేశారు. ప్రమాదం చేసి చెప్పకుండా వెళ్లిపోతే పదేళ్ల దాకా జైలు అన్న కొత్త నిబంధన మీద నిరసన అది. రెండు రోజులకే హైదరాబాద్ పెట్రోలు బంకుల ముందు వాహనాలు బారులు తీరాయి. ఆగితే మూక దాడి, వెళితే జైలు... ఏం చేయమంటారన్నది వాళ్ల ప్రశ్న. ఆ ఏడాది జులై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క సెక్షన్‌ను పక్కన పెట్టారు. నడిచినన్నాళ్లూ ఎవరికీ పట్టని మనుషులు, ఆగిన రెండు రోజులు అందరికీ కనిపించారు.

మామూలు రోజుల్లో గుర్తింపు ఎలా ఉంటుంది? లారీ ముందు అద్దం మీద యజమాని పిల్లల పేర్లుంటాయి. నుదుటన దేవుడుంటాడు. చేప వచ్చింది ఫలానా వ్యాపారి దగ్గర్నుంచని మార్కెట్లో చెప్పుకుంటారు. డ్రైవరు పేరు ఎక్కడా ఉండదు. ఆఫీసులో అతన్ని పిలిచేదీ బండి నంబరుతోనే. ఈ రంగంలో సన్మానాలూ శాలువాలూ అరుదు. కొత్త లారీ కొన్నప్పుడు యజమాని దాని తాళం ఎవరి చేతిలో పెడతాడో అతనే నమ్మకస్తుడు. ఆ పూట కొబ్బరికాయ కొట్టేది, మొదటి ట్రిప్పు వెళ్లేది అతనే. అంతకు మించిన పతకం లేదు.

హౌరాలో లోడు దించాక ఇంటికి ఒక ఫోను వెళుతుంది. ఇద్దరు వెళితే అందులో ఉండేది ఒకే మాట, 'దిగాం'. ఒక్కడే వెళితే 'దిగాను' అనాలి. ఆ మాట వినే ఇల్లాలికి ఈ రెండింటికీ తేడా బాగా తెలుసు.