పిల్లల చేతికి ఈల

ఆట ఆడేవాడికి చప్పట్లు, గెలిచినవాడికి కప్పు దొరుకుతాయి. ఆటను సవ్యంగా జరిపించినవాడికి మాత్రం తరచుగా దక్కేది రెండు పక్షాల తిట్లే. మన చిన్నతనంలో గోలీలాటకు, చెడుగుడుకు మధ్యవర్తులెవరూ ఉండేవారు కారు. "తొండి, తొండి" అని అరుచుకునేవాళ్ళం. ఎవరి గొంతు పెద్దదైతే వారిదే న్యాయం. అందుకేనేమో, పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలు శిక్షణ పొంది, తమకంటే చిన్నవాళ్ళ ఫుట్‌బాల్ ఆటలకు రిఫరీలుగా ఉంటారంటే నాకు మొదట వింతగా తోచింది.

2024 సెప్టెంబరులో బ్యాంకుకు సెలవు పెట్టి, బరంపురం నుంచి న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్ళాను. మా మేనకోడలికి పద్నాలుగేళ్ళు. అక్కడ ఫుట్‌బాల్‌ను సాకర్ అంటారు. శని, ఆదివారాలు వస్తే ఊరూరా పిల్లల పోటీలే. అన్నిటికీ పెద్దవాళ్ళు రిఫరీలుగా ఎక్కడ దొరుకుతారు? అందుకని 13 ఏళ్ళు నిండినవారికి కూడా తొలిమెట్టు రిఫరీ లైసెన్సు ఇస్తారు. ఆటకు ఇంత అని ఫీజు కూడా ముడుతుంది. ఆ జమను పిల్ల తేదీలవారీగా చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. బి.కాం. చదివిన మామయ్యకు అంతకంటే సంతోషమేముంటుంది!

ఫుట్‌బాల్ నియమావళిలో 17 సూత్రాలున్నాయి. పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుని పాఠాలు చదివి, ఆపైన మైదానంలో సాధన చేస్తారు. ఈల ఊదడమూ ఒక విద్యేనట. మామూలు తప్పుకు పొట్టిగా ఊదాలి, పెనాల్టీ వంటి పెద్ద విషయానికి గట్టిగా, సాగదీసి ఊదాలి. చేయి ముందుకు చాచి దిక్కు చూపిస్తే డైరెక్ట్ ఫ్రీ కిక్. నిటారుగా పైకెత్తితే ఇండైరెక్ట్, అంటే ఆ బంతి మరో ఆటగాడికి తగలకుండా నేరుగా గోల్లో పడితే చెల్లదు. నాకు అన్నిటికన్నా నచ్చింది 'అడ్వాంటేజ్'. ఒక్కోసారి తప్పు జరిగినా, నష్టపోయిన జట్టుకు ఆట సాగితేనే లాభం. అప్పుడు ఈల ఊదకుండా రెండు చేతులూ ముందుకు చాచి, ఆడండి అనాలి. తప్పు పట్టడం కంటే దేన్ని వదిలేయాలో తెలుసుకోవడం కష్టం. బ్యాంకుల్లో ఇన్‌స్పెక్షనుకు వచ్చేవారిలో ఈ విద్య తెలిసినవారు తక్కువ!

ఒక శనివారం నేనూ వెంట వెళ్ళాను. పదేళ్ళలోపు పిల్లల ఆట. జట్టుకు ఏడుగురు, సగం ఆటకు 25 నిమిషాలు. ఆ వయసు పిల్లలు బంతిని తలతో కొట్టకూడదు. మెదడుకు దెబ్బ తగులుతుందని అమెరికా సాకర్ సమాఖ్య 2015లో తెచ్చిన నియమం అది. గోలు ముందు ఒక కుర్రాడు ఎగిరి తలతో కొట్టాడు, బంతి గోల్లో పడింది. అప్పటికే మా పిల్ల ఈల మోగింది. గోలు లేదు, ఫ్రీ కిక్ అవతలి జట్టుకు.

గీత అవతల ఒక తండ్రి లేచి, నీకు ఆట తెలుసా అని కేకలు మొదలుపెట్టాడు. మరో ఇద్దరు ముగ్గురు వంత పాడారు. పిల్ల మొహం ఎర్రబడింది. అయినా ఆ పెద్దమనిషితో వాదానికి దిగలేదు. నేరుగా ఆ జట్టు కోచ్ దగ్గరికి వెళ్ళి రెండు మాటలు చెప్పింది. ఆయన వెళ్ళి తండ్రిని కూర్చోబెట్టాడు. ఆట సాగింది.

ఇంటికొచ్చాక ఈలను బల్లమీద పడేసి, "వచ్చే వారం నేను వెళ్ళను మామయ్యా" అంది. "పోనీ మాన్పించేద్దాం అన్నయ్యా, ఎందుకొచ్చిన మాటలు పడటం?" అంది మా చెల్లెలు.

నేను పిల్లకు నా సంగతొకటి చెప్పాను. బ్యాంకులో చేరిన కొత్తలో, ఊళ్ళో పలుకుబడి ఉన్న ఒక వ్యాపారి చెక్కు తెచ్చాడు. సంతకం మా దగ్గరున్న నమూనాతో కలవలేదు. తిప్పి ఇచ్చేశాను. ఆయన హాలంతా వినబడేలా తిట్టాడు. మా అకౌంటెంటుగారు లేచి వచ్చి నా పక్కన నిలబడి, "అబ్బాయి చేసింది సరైన పనే" అన్నారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ఒక్కమాట నాకు ఎంతో ధైర్యమిచ్చింది.

పిల్ల అంతా విని, "మరి ఇవాళ నా పక్కన ఎవరున్నారు?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. జవాబు మా చెల్లెలు వెతికింది. పోటీలు నడిపేవారికి ఫోను చేసింది. మరుసటి శనివారం ఒక నెరసిన తల రిఫరీ వచ్చి, ఆటంతా గీత పక్కన నిలబడ్డారు. విరామంలో మాత్రమే మాట్లాడారట. బాగున్నవి రెండు చెప్పి, బంతికి ఇంకాస్త దగ్గరగా పరుగెత్తమన్నారట. అంతే. పిల్ల మానలేదు.

రిఫరీలను దూషించేవారిపై ఆ దేశంలో 2025 మార్చి నుంచి నియమాలు కఠినం చేశారు. మంచిదే. కానీ నియమం కాగితం మీద ఉంటుంది, మైదానంలో పిల్ల పక్కన నిలబడవలసింది మనిషే.

మన దేశంలోనూ ఈలకు గౌరవం తెచ్చినవారున్నారు. తమిళనాడుకు చెందిన కోమళీశ్వరన్ శంకర్ 2002 ప్రపంచకప్‌లో సహాయ రిఫరీగా పనిచేశారు. గోవాకు చెందిన ఉవేనా ఫెర్నాండెజ్ 2016లో జోర్డాన్‌లో జరిగిన 17 ఏళ్ళలోపు బాలికల ప్రపంచకప్‌లో ఆ బాధ్యత నిర్వహించారు. వారూ ఒకనాడు ఏదో చిన్న మైదానంలో తొలి ఈల ఊదినవారే కదా!

మన సంఘాలు సంక్రాంతికీ, ఉగాదికీ పిల్లలకు ఆటలపోటీలు పెడుతూనే ఉంటాయి. ఈల మాత్రం పెద్దల చేతిలోనే ఉంటుంది. ఈసారి నియమాలు నేర్పి, పెద్దపిల్లల చేతికి ఇచ్చి చూద్దాం. ఒకటి రెండు తీర్పులు తప్పవచ్చు. ఒడ్డున కూర్చున్న మనం ఆ కాసేపు నోరు కట్టుకుందాం. తెలిసిన పెద్దమనిషి ఒకరు గీత పక్కన నిలబడితే చాలు. చూసింది చూసినట్టు చెప్పి, ఆ మాట మీద నిలబడటం పిల్లలకు అలవడుతుంది. అది రేపు ఏ ఉద్యోగంలోనైనా వారికి పనికివస్తుంది.