తెలుగు పేర్లు పెడితే

సి భాషలో ఒక మాట రాస్తే అన్ని కంపైలర్లూ ఒకే అర్థం తీసుకుంటాయనుకుంటారు చాలామంది. తీసుకోవు. మా ఇంజినీరింగు కాలేజీ ల్యాబులో టర్బో సి ఉండేది. దానికి ఇంట్ అంటే రెండు బైట్లు. 32767 దాటితే లెక్క తిరగబడుద్ది. ఎనిమిది ఫ్యాక్టోరియల్ 40320 రావాలి, అది మైనస్ 25216 అనేది. అదే ప్రోగ్రాం పీసీ మీద జీసీసీకి ఇస్తే సరిగ్గా చెబుద్ది, దానికి ఇంట్ నాలుగు బైట్లు గనక. ఇంట్లో కంప్యూటరున్న పిల్లలు రెండూ చూసేవాళ్లు. మా పల్లె పిల్లలకు ల్యాబే దిక్కు.

2014లో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆరు నెలలు ప్రొబేషన్. చేత్తో పట్టుకునే చిన్న యంత్రానికి ప్రోగ్రాములు రాసేవాళ్లం. ఊళ్లల్లో జనం పేర్లు ఎక్కించి, అక్షరాల వారీగా లెక్కగట్టి వెతికేది. యంత్రంలో ఆర్మ్ చిప్పు, ఆఫీసు పీసీల్లో ఇంటెల్ చిప్పు. కోడు ఒకటే. రెండుచోట్లా జీసీసీయే, కానీ పీసీకి ఒక కంపైలరు, యంత్రానికి వేరే కంపైలరు.

అప్పటిదాకా పరీక్షకు పెట్టిన పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఊళ్లో పేర్లు తెలుగులో కదా ఉంటాయని నేను యాభై పేర్లు తెలుగులో కొట్టి పెట్టాను. యంత్రంలో బాగానే నడిచింది. పీసీలో కూలింది. ఒకసారి కూలేది, ఇంకోసారి కూలకుండా తప్పుడు లెక్క చూపేది. అది మరీ పాడు రోగం.

"ఇన్నాళ్లూ నడిచింది. నువ్వు చెయ్యి పెట్టావు, చెడింది" అన్నాడు టీం లీడరు. రిజర్వేషన్లో సీటొచ్చినోళ్లకు బేసిక్స్ ఉండవని పక్క సీటతను ఇంకో మాట కలిపాడు. చెయ్యి పెడితే చెడుద్దనే మాట మా అమ్మా నాయనా మంచినీళ్ల బావి కాడ విన్నారు. నేను ఏసీ గదిలో విన్నాను. ఉద్యోగం పోతే తమ్ముడి ఫీజు ఆగిపోద్ది. రాత్రి ఫోన్లో అమ్మ "అన్నం తిన్నావా అయ్యా?" అంటే తిన్నానన్నాను.

కోడులో సగం తీసేసి, మిగిలినదాంట్లో సగం తీసేసి, మూడో రోజుకి పది లైన్లకు తెచ్చాను. ఇలాంటి జబ్బుకి ఇంతకన్నా మంచి మందు నాకు తెలీదు. మా అమ్మ పేరులో మొదటి అక్షరం "మ" ఒక్కటే ఇచ్చి, అందులో బైట్ల విలువలు ప్రింటు చేయించాను. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. యంత్రం 224, 176, 174 అంది. పీసీ మైనస్ 32, మైనస్ 80, మైనస్ 82 అంది.

చార్ అనే రకానికి మైనస్ ఉండాలా వద్దా అన్నది సి ప్రమాణం తేల్చలేదు. 1989 నాటి ఆన్సీ ప్రమాణం నుంచీ కంపైలరుకే వదిలేసింది. లినక్సులో ఇంటెల్ జీసీసీ ఉందంటది, ఆర్మ్ జీసీసీ లేదంటది. ఇంగ్లీషు అక్షరాలు 127 లోపే గనక తేడా బయటపడదు. మన అక్షరాల బైట్లన్నీ 127కి పైనే. పాత కోడులో ఆ విలువనే 256 గళ్ల పట్టికకు గడి నంబరుగా వాడారు. మైనస్ 32వ గడి ఎక్కడుంటది? పట్టికకు ముందున్న మెమరీలోకి పోయి రాసేది. అక్కడ ఏముంటే అది చెడేది. ఆ లైను నేను చేరక ముందు రాసింది. హెచ్చరికలన్నీ చూపించమని అడిగితే జీసీసీ సరిగ్గా ఆ లైను మీదే వేలు పెడుద్ది. హెచ్చరికలు ఎక్కువొస్తున్నాయని ఎవరో ఎప్పుడో ఆపేసి ఉంచారు.

రెండు వరసల అంకెలూ కాగితం మీద పక్కపక్కన రాసి లీడరు ముందు పెట్టాను. చాలాసేపు చూశాడు. "చార్‌కి మైనస్ వద్దని కంపైలరుకి ఒక ఫ్లాగ్ ఇస్తే సరిపోద్దిగా" అన్నాడు. "వద్దు సార్, రేపింకొకరు ఆ ఫ్లాగ్ లేకుండా కంపైల్ చేస్తే మళ్లీ ఇదే" అని కోడులోనే అన్‌సైన్డ్ చార్‌గా మార్చాను, మూడు చోట్ల. పక్క సీటతను ఏమీ అనలేదు. అన్నమాట వెనక్కీ తీసుకోలేదు.

నెలాఖరుకి ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. తమ్ముడు రెండో ఏడు ఫీజు కట్టాడు. ఆ యాభై పేర్ల జాబితా పరీక్షల్లో అలాగే ఉంచాను. అందులో సగం మా పల్లె వాళ్లవే, ఇంటిపేర్లతో సహా.