మబ్బు కింద నుంచి తీసిన లెక్క

ఇన్ని ఉపగ్రహాలుండగా ‘సాగర్ కన్య’ లాంటి పరిశోధన నౌకలో పూటపూటా ఉష్ణోగ్రత, పీడనం, గాలి, మబ్బు రాసుకోవడం దండగ అనేవాళ్లున్నారు. బంగాళాఖాతం సంగతి చూస్తే నాకలా అనిపించదు. ఉపగ్రహపు పరారుణ పరికరం కొలిచేది మిల్లీమీటరు మందం కూడా లేని నీటి పైపొరనే; మబ్బు అడ్డొస్తే అదీ లేదు. సమాచారం బాగా కావలసిన జూలై, ఆగస్టుల్లోనే అక్కడ మబ్బు వదలదు! మైక్రోవేవ్ మబ్బును దాటి చూస్తుంది గానీ జోరువాన దగ్గర తడబడుతుంది. పైగా గంగ, బ్రహ్మపుత్ర, మన గోదావరి తెచ్చిన మంచినీరు ఉప్పునీటి మీద పలచగా పరుచుకుంటుంది. ఆ పొర త్వరగా వేడెక్కుతుంది. 28 డిగ్రీలు దాటితే పెద్ద మబ్బులు లేచే అవకాశం పెరుగుతుంది. ఆ మంచినీటి పొర లోతు పైనుంచి తెలియదు. అందుకే 1999లో బాబ్‌మెక్స్ అనే బంగాళాఖాత రుతుపవన ప్రయోగానికి ఓడలను అక్కడికే పంపి కొలతలు తీయించారు.

ఓడ కొలతలూ తప్పుతాయి కదా అంటే, తప్పుతాయి. ఎండకు కాగిన ఇనుప డెక్కు థర్మామీటరును మోసం చేస్తుంది, ఓడ కట్టడమే గాలిని మళ్లిస్తుంది. వెనకటి రోజుల్లో గుడ్డ బకెట్టుతో తోడిన నీరు ఆవిరై చల్లబడేది. ఇంజను గొట్టం దగ్గర కొలిస్తే వేడిగా తేలేది. ఎలా కొలిచారో రాసిపెట్టిన చోట ఆ తేడాను తర్వాత సవరించగలిగారు. మరి సముద్రంలో మునిగి తేలుతూ కొలిచే ఆర్గో యంత్రాలో? మేలైనవే (మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా ఆ పనిలో ఉంది), కానీ మామూలుగా పది రోజులకోసారే పైకి తేలతాయి. మధ్యాహ్నం కురిసిన వానకు నీరెంత చల్లబడిందో, గాలి ఎటు తిరిగిందో ఆ సాయంత్రం ఓడ పుస్తకంలో ఉంటుంది.